తాటికాయంత అక్షరాలు... ఆవగింజంత నిజం!

మన హాస్టల్‌కు పొద్దున్నే వచ్చిన దినపత్రిక పది నిమిషాల్లో నాలుగు ముక్కలవుతుంది. ఆటల పేజీ ఒకరికి, సినిమా పేజీ ఒకరికి, జిల్లా పేజీ మరొకరికి. గ్రూప్స్‌కు చదివే అన్నలకు మిగిలేది సంపాదకీయం. మొదటి పేజీలోని పతాక శీర్షిక మాత్రం అందరి సొత్తు. నలుగురి భుజాల మీదుగా తొంగిచూసినా కనిపిస్తుంది. అందుకే వాటిని తాటికాయంత అక్షరాలు అంటారు. మరి అక్షరం పెద్దదైతే నిజం కూడా పెద్దదవుతుందా? పాత పత్రికలు తిరగేస్తే బోలెడంత నవ్వు, దానితో పాటు కొంత బుద్ధి కూడా వస్తుంది.

కొడుకు పేరు సోమలింగం

1948 నవంబరు 2న అమెరికా అధ్యక్ష ఎన్నిక జరిగింది. పోటీ అధ్యక్షుడు ట్రూమన్‌కు, డ్యూయీకి మధ్య. గెలుపు డ్యూయీదేనని సర్వేలన్నీ కోడై కూశాయి. షికాగో డైలీ ట్రిబ్యూన్ పత్రికలో అప్పటికి నెలల తరబడి అచ్చు కార్మికుల సమ్మె నడుస్తోంది. దాంతో పేజీలు ముందుగానే అచ్చుకు పంపాల్సి వచ్చింది. ఓట్ల లెక్క ఇంకా తేలలేదు. అయినా “ఎలాగూ డ్యూయీయే కదా” అనుకుని “ట్రూమన్‌ను ఓడించిన డ్యూయీ” అని తాటికాయంత అక్షరాలతో కొట్టేశారు. చివరికి లెక్క తేలితే ట్రూమన్‌కు 303 ఎలక్టోరల్ ఓట్లు, డ్యూయీకి 189! ఎన్నికైన రెండు రోజులకు సెయింట్ లూయిస్ రైల్వే స్టేషన్‌లో ట్రూమన్ ఆ పత్రికను రెండు చేతులా ఎత్తిపట్టి నవ్విన ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు అన్నది ఇలాంటి వాళ్ళ గురించే!

గోరంతలు, కొండంతలు

1903 అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్ “ఎగరని ఎగిరే యంత్రాలు” అంటూ సంపాదకీయం రాసింది. మనిషి ఎగిరే యంత్రం చేయడానికి పది లక్షల నుంచి కోటి సంవత్సరాలు పట్టవచ్చని అంచనా కట్టింది. సరిగ్గా 69 రోజులకే, డిసెంబరు 17న, రైట్ సోదరులు ఎగిరి చూపించారు! మర్నాడు నార్‌ఫోక్‌లోని వర్జీనియన్ పైలట్ పత్రిక ఆ యంత్రం మూడు మైళ్ళు ఎగిరిందని శీర్షిక పెట్టింది. ఆ రోజు వాళ్ళు ఎగిరిన అత్యధిక దూరం 852 అడుగులు, అంటే మైలులో ఆరో వంతు. ఒక పత్రిక ఉన్నదాన్ని లేదంది, ఇంకో పత్రిక గోరంతను కొండంత చేసింది.

అదే న్యూయార్క్ టైమ్స్ 1920 జనవరిలో రాకెట్ శాస్త్రవేత్త గొడ్డార్డ్‌ను ఎగతాళి చేసింది. శూన్యంలో నెట్టుకోవడానికి ఏమీ ఉండదు కనుక రాకెట్ పనిచేయదనీ, ఈయనకు హైస్కూల్లో చెప్పే పాఠం కూడా రాదనీ రాసింది. రాకెట్‌కు గాలి ఊతం అక్కర్లేదు, తాను వెనక్కి విసిరే వాయువే దాన్ని ముందుకు నెడుతుంది. మన న్యూటన్ మూడో నియమమే! 1969 జూలై 16న అపోలో-11 చంద్రుడి వైపు బయల్దేరింది. మర్నాడు ఆ పత్రిక 49 ఏళ్ళ నాటి తప్పును సవరించుకుంది. చదవడానికి గొడ్డార్డ్ లేడు, 1945లోనే చనిపోయాడు. తమ్ముళ్ళూ! “నీకు హైస్కూల్ పాఠం కూడా రాదు” అని ఎవరైనా అంటే ఈ కథ గుర్తు చేసుకోండి.

నవ్వురాని తప్పులు

అన్ని తప్పులకూ నవ్వలేం. 1912 ఏప్రిల్ 15న న్యూయార్క్ ఈవెనింగ్ సన్ “టైటానిక్‌లో అందరూ క్షేమం” అని ప్రకటించింది. అప్పటికే 1,500 మందికి పైగా సముద్రంలో కలిసిపోయారు. “ప్రయాణికులు క్షేమమేనా?” అన్న వైర్‌లెస్ ప్రశ్న, వేరే ఓడను లాక్కెళుతున్నారన్న మరో కబురు కలగాపులగమై ఈ పొరపాటు జరిగిందని తర్వాత వివరించారు. ప్రశ్నార్థకం ఒక్కటి జారిపోతే ఎన్ని కుటుంబాలు ఆ సాయంత్రం అబద్ధపు ఊరట పొందాయో!

మన దేశమూ తక్కువ తినలేదు. 1979 మార్చి 22న జయప్రకాశ్ నారాయణ్ కన్నుమూశారని సాక్షాత్తూ ప్రధాని మొరార్జీ దేశాయ్ లోక్‌సభలో ప్రకటించారు. ఆయన బొంబాయి ఆసుపత్రిలో బతికే ఉన్నారు! ఆ తర్వాత అక్టోబరు 8న మరణించారు.

అదే ఏడాది జూలైలో మన పల్లెల్ని స్కైలాబ్ వణికించింది. 77 టన్నుల ఆ అంతరిక్ష కేంద్రం ఎక్కడ పడేదీ ఖచ్చితంగా చెప్పలేమని శాస్త్రవేత్తలు అన్నారు. ఆ మాట రచ్చబండకు చేరేసరికి “మన ఊరి మీదే పడుతుందట” అయింది. చచ్చేలోగా తినేద్దామని కోళ్ళు, మేకలు కోసుకున్న సంగతులు పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. జూలై 11న అది హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ముక్కలై పడింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు, పోయినవి మన కోళ్ళే! ఆస్ట్రేలియాలోని ఎస్పెరన్స్ పట్టణం వాళ్ళయితే చెత్త పారేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా వేశారు.

తప్పు ఎలా పుడుతుంది?

ఇందులో మొదటి దోషి గడియారం. అచ్చు యంత్రం ఎవరి కోసమూ ఆగదు. రెండోది “అందరూ అంటున్నారు కదా” అనే ధీమా. మూడోది చోటు. పెద్ద వార్తను నాలుగు మాటల్లో కుదించాలి. పైగా శీర్షిక పెట్టేది చాలాసార్లు వార్త రాసిన విలేకరి కాదు, ఆఫీసులోని సబ్ ఎడిటర్. కుదించేటప్పుడు ముందుగా ఎగిరిపోయేవి “బహుశా”, “కావచ్చు”, “అని అన్నారు” లాంటి మాటలే.

ఇది మనకెందుకు అంటారా? మన బతుకులతో ఆడుకునే శీర్షిక ఒకటుంది: “త్వరలో వేలాది పోస్టుల భర్తీ!” లోపల చదివితే “ప్రభుత్వం యోచిస్తోంది” అని ఉంటుంది. ఆ “త్వరలో” ఎన్ని ఉగాదులు చూస్తుందో ఎవరికీ తెలియదు. ఈ లోపు ఇంట్లో మేకను అమ్మో, వడ్డీకి తెచ్చో కోచింగ్ ఫీజు కట్టేస్తారు. స్కైలాబ్ పోయినా మన మేకలకు గండం పోలేదన్నమాట! కాబట్టి నోటిఫికేషన్ నంబరు, ఖాళీల సంఖ్య, దరఖాస్తుకు ఆఖరు తేదీ ఈ మూడూ కనబడే దాకా అది ఉద్యోగం కాదు, శీర్షిక మాత్రమే. చదవడం మానమని కాదు, అప్పు చేయడం ఆపమని.

శీర్షిక చివర ప్రశ్నార్థకం ఉందేమో చూడండి. ఎవరు చెప్పారో వెతకండి. మర్నాడు లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో “సవరణ” వచ్చిందేమో గమనించండి. ఫోన్లో వచ్చే వార్తకైతే సవరణ కూడా రాదు, కనుక ఇంకాస్త జాగ్రత్త.

మనలో చాలామంది ఇళ్ళల్లో మొదట చదువుకున్నది మనమే. సెలవులకు వెళితే నాన్న “పేపర్లో ఏం రాశారురా?” అని అడుగుతాడు. చుట్టుపక్కల వాళ్ళూ వచ్చి కూర్చుంటారు. వాళ్ళకు మనం చెప్పిందే వార్త, మనం మింగేసిన “కావచ్చు” వాళ్ళకు ఎప్పటికీ తెలియదు. అందుకే శీర్షిక చదివి ఊరుకోకుండా, ఆఖరి వాక్యం దాకా చదివి చెబుదాం.