గుల్ల గోడకు బరువు.. పొంచి ఉన్న ముప్పు

ముసునూరు: మామిడి కోతలు ముగిసి చేతిలో నాలుగు డబ్బులు ఆడే వేళ ఇంటికి గీజరో, పెద్ద టీవీయో తెచ్చుకునే కుటుంబాలు పల్లెల్లోనూ ఉన్నాయి. కొనే వస్తువుపై ఉన్న శ్రద్ధ దానిని మోసే గోడపైనా ఉండాలి. 25 లీటర్ల గీజరు నిండితే నీటి బరువే 25 కిలోలు. పరికరం బరువు దీనికి అదనం. ఇంతటి భారాన్ని సిమెంటు పూతకు వదిలేస్తే స్నానం చేస్తున్నవారి నెత్తిన పడే ప్రమాదం ఉంది.

పట్టు ఎక్కడ?

అమెరికాలో స్థిరపడిన పిల్లల ఇళ్లలో గోడల లోపల చెక్క నిట్టాళ్లు సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి చొప్పున ఉంటాయి. వాటిపై జిప్సం పలకలు బిగిస్తారు. అక్కడ నిట్టాడిని వెదికి మర దింపాలి. ఇక్కడి ఇళ్లలో ఆ పద్ధతి లేదు. పైన సుమారు అరంగుళం పూత, లోపల ఇటుక, అక్కడక్కడా కాంక్రీటు స్తంభం ఉంటాయి. బరువు మోయవలసింది ఇటుక లేదా స్తంభమే.

ముందుగా గోడను వేలి కణుపుతో తట్టాలి. గుల్ల శబ్దం వస్తే పూత ఇటుకను వదిలినట్లే. అక్కడ బిగించరాదు. డ్రిల్లు వేసినప్పుడు ఎర్రని పొడి రాలితే మట్టి ఇటుక తగిలినట్లు. పూత దాటాక కూడా బూడిదరంగు పొడే రాలి, మర వదులుగా దిగితే అది ఇటుకల నడుమ అతుకు కావచ్చు. ఫ్లైయాష్ ఇటుక పొడి కూడా ఇదే రంగులో ఉంటుంది గనుక ఇల్లు కట్టిన మేస్త్రిని అడగడం ఉత్తమం. స్తంభంలో ఇనుము తగిలితే రంధ్రం పక్కకు జరపాలి. గీజరుకు నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ కంటే తొమ్మిది అంగుళాల గోడ మేలు.

తీగలతో జాగ్రత్త

స్విచ్ బోర్డులకు నిలువుగా పైనా, కిందా కరెంటు పైపులు సాగుతాయి. కుళాయిల వరుసలో నీటి పైపులుంటాయి. ఆ వరుసలను విడిచిపెట్టాలి. ఆ గదికి కరెంటు ఆపి, డ్రిల్లుకు మరో గది నుంచి తీగ తెచ్చుకోవాలి.

మట్టి గోడలైతే..

పాత పెంకుటిళ్లలో చిలక్కొయ్యలను గోడ కట్టేటప్పుడే పాతేవారు. ఉట్టి, ఊయల దూలానికే వేలాడేవి. మట్టి గోడలో బోల్టుకు పట్టు చిక్కదు. అటువంటి ఇళ్లలో టీవీని బల్లపై ఉంచడం, గీజరును ఇటుకతో కట్టిన స్నానాల గదిలో అమర్చడం శ్రేయస్కరం.

బోల్టులు బిగించాక వస్తువును తగిలించే ముందు గట్టిగా లాగి చూడాలి. ఏమాత్రం కదిలినా చోటు మార్చుకోవలసిందే.