ఫాట్లింగ్ – ఆఁబోతు : అర్థవిచారము

ఆంగ్లమునందలి ‘ఫాట్లింగ్’ పదము, క్రొవ్వినదను అర్థముగల ‘ఫాట్’ శబ్దమునకు ‘లింగ్’ ప్రత్యయము చేరి యేర్పడినది. బాతుపిల్లను చెప్పు ‘డక్లింగ్’ పదమునందును ఈ ప్రత్యయమే కలదు. 1526 నాటి టిండేలు బైబిలు అనువాదమున నిది ప్రయుక్తము. వధకై మేపి బలిపించిన దూడ, గొఱ్ఱెపిల్ల మున్నగునవి దీని కర్థము.

దీనిని ‘ఆఁబోతు’ అని తెనిఁగించుట యుక్తము కాదు. ‘ఆ’ యనఁగా ఆవు, ‘పోతు’ మగజంతువు. వృషోత్సర్గమున అచ్చువేసి విడిచిన కోడెయు యథేచ్ఛగా మేసి బలియును. కాని అది వధ్యము కాదు, కాడికిఁ గట్టఁబడదు. ‘అచ్చోసిన ఆంబోతు’ అను మన పల్లెల నానుడి దాని స్వేచ్ఛనే చెప్పుచున్నది.

బలుపు సమానము, ప్రయోజనము విరుద్ధము. ‘క్రొవ్వినది’ అని మాత్రమే చెప్పినచో గర్వార్థమును స్ఫురించును. కావున ‘వధార్థము బలిపించిన పశువు’ అని బోధించుటయే సమంజసము.