కష్టము నేర్పవలెను, దోచుకొనకూడదు



పిల్లలు ఫోనులోను కంప్యూటరులోను ఆడు ఆటలను గూర్చి తల్లిదండ్రులు మమ్మును తరచుగా అడుగుచుందురు. "అన్నియు ఒక్కటే గదా, కాలము పాడుచేయునవే గదా" అందురు. అన్నియు ఒక్కటి కావు. మంచి ఆటకును నిరాశపరచు ఆటకును భేదమెక్కడ నున్నదో ఒక ఆటను తీసికొని చూచెదము. దాని పేరు ‘బిలో’. అనగా ‘క్రింద’ అని అర్థము.

కెనడా దేశములోని టొరాంటో పట్టణమందున్న కాపిబారా గేమ్స్ అను సంస్థ దీనిని చేసెను. 2013 జూన్ నెలలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఆటల ప్రదర్శనలో, మైక్రోసాఫ్ట్ వారి వేదికమీద దీనిని మొదట చూపిరి. అనేకులు ఆశతో కనిపెట్టిరి. 2016లో విడుదలను నిరవధికముగా వాయిదా వేసిరి. చివరకు 2018 డిసెంబరు 14న అది బయటికి వచ్చెను. అయిదేండ్లకు పైగా ఎదురుచూచినవారిలో చాలమంది నిరాశపడిరి. ఎందుకు?

ఈ ఆటల పద్ధతి

ముందుగా వీటి పుట్టుక తెలిసికొనవలెను. 1980 ప్రాంతమున అమెరికాలోని కాలిఫోర్నియాలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అను విద్యార్థులు ‘రోగ్’ అను ఆటను తయారుచేసిరి. అందులో బొమ్మలు లేవు. అక్షరములే మృగములు, గీతలే గోడలు. దానికి ముఖ్యమైన నియమములు రెండు. మొదటిది, నేలమాళిగలోని గదులు ప్రతిసారి క్రొత్తగా ఏర్పడును, గనుక దారిని కంఠస్థము చేయుట కుదరదు. రెండవది, చచ్చినచో మరల మొదటినుండి ఆరంభింపవలెను. ఆటగాని యొద్ద మిగులునది ఒక్కటే, అతడు నేర్చుకొన్న తెలివి. ఈ పద్ధతిని అనుసరించినవాటిని ‘రోగ్‌లైక్’ లందురు. వాటిలో కత్తి పట్టి వేగముగా పోరాడవలసినవి ‘యాక్షన్ రోగ్‌లైక్’లు.

కాబట్టి ఈ ఆటలలో చావు ఒక పాఠము. ఒక ఏడు పంట పోయిన రైతు మరుసటి ఏట అదే పొలమునకు మరింత తెలివితో పోవునట్లే ఆటగాడును తిరిగి పోవును. పాఠము లేనియెడల మిగులునది నష్టమే.

బిలోలో జరుగునది

ఒంటరి బాటసారి చిన్న పడవలో ఒక దీవికి వచ్చి, దాని గుహలలోనికి దిగును. ఆట మనిషిని చాల దూరమునుండి చూపును. చీకటిలో అతడు చీమంత కనబడును. మాటలతో ఆట ఏమియు చెప్పదు, చూచి తెలిసికొనవలెను. జిమ్ గుథ్రీ కూర్చిన సంగీతము ఆ చీకటికి తగినట్లున్నది. నిరాశపడినవారు సహితము ఈ అందమును మెచ్చుకొనిరి.

అయితే ఆ బాటసారికి ఆకలి, దాహము, చలి ఉన్నవి. గాయమైతే రక్తము కారుచునే యుండును. నేలలో దాగియున్న ముండ్ల బోను ఒక్క దెబ్బతో ప్రాణము తీయును. అతడు చచ్చినప్పుడు మరియొక బాటసారి పడవలో వచ్చును. మొదటివాని లాంతరు, సామగ్రి వాని శవము దగ్గరనే పడియుండును. వాటికొరకు మరల తీరమునుండి నడవవలెను. దారిలోని చలిమంటను తిరిగివచ్చు చోటుగా గుర్తు పెట్టుకొనవచ్చును గాని, అది ఒక్కసారికే పనికివచ్చును.

ఇక్కడనే చిక్కు వచ్చినది. చీకటి "మెల్లగా చూడుము" అని చెప్పును. ఆకలి "త్వరపడుము" అని తరుమును. రెండు మాటలును ఒకేసారి వినుట ఎవరి తరము? ఒక్క క్షణము ఏమరుపాటుకు గంటల శ్రమ పోవును. ఆ తరువాత చేయు నడకలో క్రొత్తగా నేర్చుకొనునది కొంచెమే. తిరిగి ఆహారము ఏరుకొనుట, తిరిగి నీరు వెదకుట. కష్టముగా నుండుట తప్పు కాదు. ఆ కష్టము ఆటగాని కాలమును తీసికొని బదులుగా ఏమియు ఇయ్యకపోవుటయే తప్పు.

దిద్దుబాటు

తయారుచేసినవారు ఊరకుండలేదు. 2020 ఏప్రిల్‌లో ‘ఎక్స్‌ప్లోర్’ అను రెండవ విధానమును చేర్చిరి. అందులో ఆకలిదప్పులు లేవు. చలిమంటలు శాశ్వతముగా నిలుచును. బోనులు ఒక్క దెబ్బతో చంపవు. కఠినత్వమునే కోరువారికొరకు పాత విధానమును కూడ ఉంచిరి. దీవి అదే, గుహలు అవే, చీకటి అదే. దీనినిబట్టి లోపము చీకటిలో లేదనియు, చావులో లేదనియు, ఫలములేని నడకలోనే యున్నదనియు తేటపడుచున్నది.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఏ ఆటలోనైనను ఓడిపోయి లేచినప్పుడు గద్దింపక ముందు ఒక్క ప్రశ్న వేయుడి: "ఈసారి ఏమి తెలిసికొంటివి?" వాడు కన్నులు వెలుగుచుండగా చెప్పినయెడల, ఆ ఆటలో కొంత మేలున్నది; దానికి వేళ నియమించిన చాలును. "ఏమున్నది, మరల మొదటినుండి నడవవలెను" అని విసుగుకొన్నయెడల, దానిని ప్రక్కన పెట్టుమని నెమ్మదిగా చెప్పుడి. వాని ఓర్పు విలువైనది. దానిని ఎక్కడ ఖర్చుపెట్టవలెనో వానికి నేర్పుట మన పని.