అందరికీ నీళ్లిచ్చే మీరు తాగుతున్నారా?

ఆయన ఆఫీసు నుంచి రాగానే గ్లాసుడు మంచినీళ్లు చేతికిస్తారు. పిల్లల బ్యాగులో వాటర్ బాటిల్ మర్చిపోకుండా పెడతారు. మరి ఇవాళ పొద్దుటి నుంచీ మీరెన్ని గ్లాసులు తాగారు? కాఫీ తర్వాత మళ్లీ భోజనం దగ్గరేనా?

ఎండాకాలంలో వంటింటి సంగతి మీకు చెప్పక్కర్లేదు. మంట ఆరిపోతుందని ఫ్యాను కూడా వేసుకోం. రెండు గంటలు స్టవ్ దగ్గర నిలబడితే జాకెట్టు తడిసి ముద్దవుతుంది. ఆ చెమటతో నీరే కాదు, ఉప్పు కూడా పోతుంది. సాయంత్రం నాలుగింటికి కణతలు లాగేస్తూ తలనొప్పి రావడానికి, రాత్రి పిక్కలు పట్టేసి లేచి కూర్చోవడానికి ఇదీ ఒక కారణం. మనమేమో వెంటనే మాత్ర కోసం వెతుక్కుంటాం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొన్ని రకాల నొప్పి మాత్రలు పదే పదే మింగితే మూత్రపిండాలకే చేటు. ముందు రెండు గ్లాసుల నీళ్లు మెల్లగా తాగి, ఓ అరగంట నడుం వాల్చి చూడండి.

ఇంకో సంగతి. పెళ్లికో, బస్సు ప్రయాణానికో బయల్దేరే రోజు చాలామంది ఆడవాళ్లు కావాలనే నీళ్లు మానేస్తారు. దారిలో శుభ్రమైన బాత్‌రూమ్ దొరకదని భయం. ఆ భయం నిజమే, తప్పు మనది కాదు. కానీ ఊరు చేరేసరికి తలనొప్పి, పైగా మూత్రంలో మంట! పూర్తిగా మానకుండా గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండండి. మన అమ్మమ్మలు మరచెంబు లేనిదే రైలెక్కేవారా?

ఎన్ని గ్లాసులని అందరికీ ఒకే లెక్క చెప్పలేం. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోతున్నట్టే. ముదురు రంగులో, కొద్దికొద్దిగా వస్తుంటే చాలనట్టు. వంట మొదలుపెట్టేముందే ఓ చెంబుడు నీళ్లు గట్టు మీద పెట్టుకుని, వంటయ్యేలోగా ఖాళీ చేయండి. పదకొండింటికి కాస్త ఉప్పు, అల్లం, కరివేపాకు వేసిన పల్చటి మజ్జిగ తాగండి. బి.పి. ఉన్నవాళ్లు ఉప్పు మానాలి. విరేచనాలై నీరసిస్తే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి, కలిపి తాగండి. మర్నాటికి మళ్లీ కొత్తగా కలుపుకోవాలి.

గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. ఎండలో తిరిగొచ్చినవారికి ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా నీళ్లతో సరిపెట్టకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.