ఇంటి ఆరోగ్యం... రిపోర్టు చెబుతుంది!

బెండకాయలు కొనాలంటే కొస తుంచి చూస్తాం. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాం. పుచ్చకాయను వేలితో కొట్టి మరీ ఎంచుకుంటాం. ఉన్న పొదుపంతా పోసి, ఇరవై ఏళ్ల వాయిదాలకు సంతకం పెట్టి కొనే ఇంటిని మాత్రం... అరగంటలో చూసొచ్చేస్తాం!

పాత ఇల్లో, ఫ్లాటో కొనేముందు సివిల్ ఇంజినీరుతో తనిఖీ చేయించి రిపోర్టు తీసుకోవడం మంచి పద్ధతి. చిక్కంతా ఆ తర్వాతే. పేజీలకు పేజీలు, నిండా ఫొటోలు, అర్థంకాని అంకెలు. ‘పగుళ్లు’, ‘చెమ్మ’ అన్న మాటలు చూడగానే కొందరు బెదిరిపోయి మంచి ఇంటిని వదులుకుంటారు. ఇంకొందరు ‘పాత ఇల్లన్నాక ఇవన్నీ మామూలే’ అనుకుని కాగితాలను బీరువాలో పెట్టేస్తారు. నిజానికి ఆ రిపోర్టు ఇల్లు పాసో ఫెయిలో చెప్పదు. ఏది పెద్ద జబ్బో, ఏది చిన్న నలతో, ఏది ఇంకా తేలాలో చెబుతుంది. అలా విడదీసి చదువుకోవడంలోనే ఉంది కిటుకంతా.

ఇది కొలతల సర్వే కాదు

సర్వే అనగానే మనకు గొలుసుతో స్థలం కొలిచే సర్వేయరే గుర్తొస్తాడు. బ్రిటన్‌లో ‘హోమ్ సర్వే’ అంటే ఇంటి బాగోగుల తనిఖీ. అక్కడి సర్వేయర్లు పైకప్పు నుంచి పునాది దాకా చూసి ఒక్కో భాగానికి 1, 2, 3 అంకెలు వేస్తారు. 1 అంటే బాగుంది. 2 అంటే బాగు చేయాలి కానీ తొందరలేదు. 3 అంటే వెంటనే పట్టించుకోవాలి. స్కాట్లాండ్‌లోనైతే 2008 డిసెంబరు నుంచి చాలావరకూ పాత ఇళ్లకు అమ్మేవారే ఇలాంటి రిపోర్టు సిద్ధం చేసి చూపించాలన్న నిబంధన ఉంది.

మన దగ్గర ఆ నిబంధన లేదు. కొనేవారే చొరవ తీసుకుని చేయించుకోవాలి. ‘బ్యాంకు ఇంజినీరు వచ్చి చూశారుగా’ అనుకోవద్దు. తామిచ్చే అప్పుకి ఆ ఆస్తి విలువ సరిపోతుందా లేదా అన్నదే బ్యాంకుకు ముఖ్యం. అలాగే ఈ తనిఖీ రిపోర్టు యాజమాన్య హక్కుల గురించి ఏమీ చెప్పదు. ఈసీ, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించడం వేరే పని.

మూడు రంగుల పెన్నులు

రిపోర్టు చదివేటప్పుడు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగు పెన్నులు దగ్గర పెట్టుకోండి. ఒక్కో వాక్యం కింద ఒక్కో గీత.

ఆకుపచ్చ: ప్లాస్టరింగ్ మీద వెంట్రుకంత సన్నని గీతలు, ఇటుక గోడ బీముని కలిసేచోట అడ్డంగా కనిపించే సన్నని పగులు, వెలిసిన రంగు. ఇవి సాధారణంగా పైపై లోపాలే. లప్పం, రంగులతో సరిపోతుంది.

పసుపు: బాత్రూమ్ గోడ అవతల చెమ్మ, టెర్రస్ మీద నీళ్లు నిలవడం, పాతబడిన పైపులు, సరిగాలేని ఎర్తింగ్. ఇవి ఖర్చు తప్పనివి. ఎర్తింగ్ పని మాత్రం గృహప్రవేశానికి ముందే కావాలి.

ఎరుపు: పిల్లరు మీదో బీము మీదో ఇనుప ఊచ పొడవునా సాగిన పగులు, తుప్పు మరక, పెచ్చులూడి బయటపడిన ఇనుము. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును బద్దలుకొడుతుంది. పైకి సిమెంటు పూసినంత మాత్రాన అది ఆగదు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా మొదలై, ఒకవైపు వెడల్పయ్యే పగులు కనిపించినా పునాది కుంగిందేమో చూడాల్సిందే.

అంకెల భాష

పాత భవనాల రిపోర్టుల్లో కొన్ని పరీక్షల పేర్లు కనిపిస్తాయి. రీబౌండ్ హ్యామర్ కాంక్రీటు పైపొర గట్టిదనాన్ని చూస్తుంది. ఈ పద్ధతిలో బలం అంచనా 25 శాతం దాకా అటూఇటూ కావచ్చని 1992 నాటి భారతీయ ప్రమాణమే పేర్కొంది. కాబట్టి ఆ ఒక్క అంకెతో నిర్ణయానికి రాకూడదు. అల్ట్రాసోనిక్ పరీక్ష కాంక్రీటులోంచి ధ్వని ఎంత వేగంగా వెళ్తోందో కొలుస్తుంది. సెకనుకు 3 కిలోమీటర్లకన్నా తగ్గితే నాణ్యతను అనుమానించాల్సిందే. ఫినాఫ్తలీన్ పరీక్షలో మందు చల్లిన కాంక్రీటు గులాబీ రంగులోకి మారితే మంచిదే. రంగు రాని పొర ఊచల దాకా పాకిందంటే, ఇనుముకు కాంక్రీటు ఇచ్చే రక్షణ పోయినట్లే.

చూడనివీ చదవండి

చాలామంది వదిలేసే వాక్యం ఒకటుంది... ‘పరిశీలించడం వీలుకాలేదు’. ఫాల్స్ సీలింగ్ పైన, అల్మరా వెనక, కొత్తగా వేసిన రంగు కింద ఏముందో ఇంజినీరుకీ తెలియదు. మండు వేసవిలో చేసిన తనిఖీలో స్లాబు లీకు బయటపడకపోవచ్చు. అలాంటి వాక్యాలన్నిటినీ చుట్టి, మరోసారి చూడమనండి. ‘తదుపరి పరీక్ష అవసరం’ అని ఉంటే ఆ పరీక్ష అడ్వాన్సు ఇవ్వకముందే జరగాలి.

బేరానికి బలం

ఎరుపు గీత పడిందని ఇల్లు వదిలేయాలనేం లేదు. ఎంత ఖర్చవుతుందో అంచనా వేయించండి. 60 లక్షల ఫ్లాటుకు మూడు లక్షల మరమ్మతు తేలిందనుకుందాం. ధర తగ్గించమనో, అమ్మేవారే బాగుచేయించి ఇవ్వమనో అడగొచ్చు. ఒప్పుకున్న మాటను అగ్రిమెంటులో రాయించుకోవాలి. అయితే అపార్ట్‌మెంటులో పిల్లర్లు, టెర్రస్, సెల్లార్ అందరివీ. వాటి మరమ్మతు మీ ఒక్కరి చేతిలో ఉండదు. అసోసియేషన్ దగ్గర నిధి ఉందా, మిగతావాళ్లు కలిసొస్తారా అన్నది ముందే కనుక్కోవాలి. వాళ్లు కలిసిరాకపోయినా, పునాదో పిల్లర్లో దెబ్బతిన్నాయని ఇంజినీరు తేల్చినా... ఎంత నచ్చిన ఇల్లయినా వదులుకోవడమే మేలు.

రెరాలో నమోదైన ప్రాజెక్టయితే మరో వెసులుబాటు ఉంది. 2016 నాటి చట్టం ప్రకారం ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపాన్ని బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో అదనపు ఖర్చు లేకుండా సరిచేయాలి. గడువు దగ్గరపడిన ఫ్లాటు కొంటుంటే తేదీలు చూసుకోండి.

ఇంజినీరును అడగండి!

* ఈ లోపానికి కారణమేంటి? ఇంకా పెరుగుతోందా, ఆగిపోయిందా?
* వెంటనే చేయాల్సిన పనులేంటి? రెండేళ్లు ఆగగలిగేవేంటి?
* ఒక్కోదానికి ఎంత ఖర్చవుతుంది?
* మీరు చూడలేకపోయిన భాగాలేవి?
* మీ సొంతానికైతే... ఈ ధరకు ఈ ఇల్లు కొంటారా?