నమాజు, సలాత్: ఒక ఆరాధనకు రెండు పేర్లు

ఇస్లాం ఆరాధనలలో నమాజుకు గల స్థానం ఎట్టిదో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. అయితే దివ్య ఖురాన్ అరబ్బీ మూలంలో గాని, హదీసుల అరబ్బీ మూలంలో గాని "నమాజు" అనే పదం లేదు. అక్కడ ఉన్న పదం "సలాత్". తెలుగునాట ముస్లిములు మాత్రం తరతరాలుగా నమాజు అనే అంటున్నారు.

దీనిని గురించి రెండు రకాల వాదాలు వినిపిస్తుంటాయి. నమాజు అనేది ఇస్లాంకు పూర్వపు ఇరాన్‌లో పుట్టిన పదమనీ, సంస్కృతంలోని "నమః"కు చుట్టమనీ, కనుక దానిని విడిచి సలాత్ అనే అనాలనీ కొందరంటారు. మరికొందరు ఆ చుట్టరికాన్నే చూపి, నమాజూ నమస్కారమూ ఒకటే కదా అంటారు. ఈ వాదాలలో నిజమెంతో తేలాలంటే ముందు రెండు పదాల పుట్టుపూర్వోత్తరాలు చూడాలి.

నమాజు పదం పుట్టుక

ఇస్లాంకు పూర్వం ఇరాన్‌లో వాడుకలో ఉన్న పహ్లవీ భాషలో "నమాజ్" అంటే వంగి గౌరవించడం, ప్రణమిల్లడం. "నమాజ్ బుర్దన్" అంటే ఒకరి ఎదుట వంగి వందనం చేయడం. ఫిర్దౌసీ షానామాలో రాజుల ఎదుట వందనం చేసే ఘట్టాలలో ఈ పలుకుబడి కనిపిస్తుంది. అవెస్తా భాషలోని "నెమహ్", సంస్కృతంలోని "నమస్" దీనికి సోదర పదాలు. అన్నింటికీ మూలం "వంగు" అనే అర్థం గల "నమ్" ధాతువు. తెలుగులోకి వచ్చిన నమ్రత, ప్రణామం, అవనతం అనే మాటలు కూడా ఆ ధాతువు నుండి పుట్టినవే. ఇందులో ఒక భాష మరొక భాషనుండి అరువు తెచ్చుకున్నదేమీ లేదు. ఒకే తల్లి భాషనుండి ఇరానీ, భారతీయ శాఖలు చీలినపుడు రెండింటికీ దక్కిన ఉమ్మడి ఆస్తి ఇది.

ఇరాన్ ప్రజలు ఇస్లాం స్వీకరించిన తరువాత సలాత్‌కు తమ భాషలోని ఈ పదాన్నే వాడుకున్నారు. సామానీ పాలకుడు మన్సూర్ బిన్ నూహ్ (961–976) కోరికపై, ఆనాటి ఉలమాల అనుమతితో, తబరీ తఫ్సీర్ పేరిట ఖురాన్‌ను పారసీలోకి తెచ్చారు. ఆనాటి నుండి పారసీ మత గ్రంథాలలో నమాజ్ స్థిరపడిపోయింది.

దక్కనులో 1347లో బహమనీ రాజ్యం, ఆ తరువాత గోల్కొండలో కుతుబ్‌షాహీల పాలన (1518–1687) ఏర్పడినపుడు పారసీ ఆస్థాన భాషగా ఉండేది. అందువల్లనే నమాజుతోపాటు రోజా, పైగంబరు, ఫరిష్తా, ఖుదా వంటి పారసీ మాటలు ఇక్కడి ముస్లిముల నోట నిలిచాయి. ఖురాన్‌లో ఉపవాసానికి ఉన్న పదం "సౌమ్". "రోజా" పారసీలోని "రోజ్" (దినం, పగలు) నుండి వచ్చింది. మనం నిత్యం పలికే "రోజు" కూడా ఆ మాటే! సంస్కృతంలో ప్రకాశించడాన్ని తెలిపే "రుచ్" ధాతువు దీనికి దగ్గరి బంధువు. అయినా "ఈ రోజు" అనేటపుడు ప్రాచీన ఇరాన్ మతం ఎవరికీ గుర్తుకు రాదు.

సలాత్ ధాత్వర్థం

అరబ్బీ నిఘంటుకారులు సలాత్‌కు మొదటి అర్థంగా "దుఆ", అంటే ప్రార్థన, వేడుకోలు అని చెప్పారు. జమఖ్షరీ (మరణం 1144) వంటివారు నడుము క్రింది భాగాన్ని తెలిపే "సలా" అనే పదంతో దీనిని ముడిపెట్టారు. రుకూ, సజ్దాలలో ఆ భాగం కదలడమే అందుకు కారణమని వారి వివరణ. పందెంలో రెండవదిగా వచ్చే గుర్రాన్ని అరబ్బులు "ముసల్లీ" అనేవారు. దాని తల మొదటి గుర్రం వెనుక భాగానికి ఆనుకొని ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది.

అరబ్బీకి సోదరి అయిన అరామిక్ భాషలో ప్రార్థనను "సలోతా" అంటారు. ఇస్లాంకు ముందే యూదులు, సిరియా ప్రాంతపు క్రైస్తవులు ఈ మాట వాడేవారు. దాని ధాతువుకు కూడా వంగడం, ఒరగడం అనే అర్థముంది. ఖురాన్ ప్రతులలో సలాత్‌ను అలిఫ్‌తో కాక వావ్‌తో వ్రాసే పద్ధతి అరామిక్ సంబంధానికి గుర్తని పలువురు భాషావేత్తల అభిప్రాయం. ఖురాన్ 22:40లో మఠాలు, చర్చిలు, మసీదులతోపాటు "సలవాత్" అని పేర్కొన్న చోట వ్యాఖ్యాతలు యూదుల ప్రార్థనాలయాలనే అర్థం చెప్పారు.

అంటే సలాత్ కూడా ఇస్లాంతోనే పుట్టిన మాట కాదు. వాడుకలో ఉన్న పదాన్ని తీసుకొని, వజూ, ఖిబ్లా, ఖియాం, రుకూ, సజ్దాలతో కూడిన నిర్దిష్టమైన ఆరాధనకు దానిని పేరుగా చేసింది ఇస్లాం. ఇరానీయులు నమాజ్ విషయంలో చేసిందీ ఇదే.

ఇతర దేశాలలో

టర్కీ, బోస్నియా, కజఖ్‌స్తాన్, బంగ్లాదేశ్ ముస్లిములు నమాజ్ అనే అంటారు. సోమాలీ భాషలో "సలాద్", తూర్పు ఆఫ్రికా స్వాహిలీలో "సలా" అరబ్బీ మూలానికి దగ్గరగా ఉన్నాయి. ఇండోనేషియాలో "షలాత్"తోపాటు "సెంబహ్యాంగ్" అనే దేశీయ పదం కూడా ఉంది. చైనా ముస్లిములు "లీబాయ్" అంటారు. మన పొరుగున తమిళ ముస్లిముల మాట "తొళుగై". కేరళ ముస్లిములది "నిస్కారం". ఇది నమస్కారం అనే మాటకు మారిన రూపమే. ఇన్ని పేర్లతో పిలిచే వీరందరూ నిలబడేది ఒకే ఖిబ్లా వైపు. పఠించేది ఒకే ఫాతిహా.

పేరు వేరు, పఠనం వేరు

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. ఆరాధనను ఏ పేరుతో పిలవాలన్నది ఒక ప్రశ్న. ఆరాధనలో ఏ భాషలో పఠించాలన్నది మరొక ప్రశ్న. ఈ రెండవ విషయంలో ఇమాం అబూ హనీఫా (మరణం 767) పారసీలో పఠనాన్ని మొదట అనుమతించారనీ, తరువాత ఆ అభిప్రాయం మార్చుకున్నారనీ ఫిఖహ్ గ్రంథాలు చెబుతాయి. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీలు అరబ్బీ పలకలేని వానికి మాత్రమే ఆ సడలింపు ఇచ్చారు. పఠనం గురించి ఇంత చర్చ చేసిన ఆ మజ్‌హబ్ పండితులే పారసీలో వ్రాసేటపుడు నమాజ్ అనే పేరును నిస్సంకోచంగా వాడారు. విషయం స్పష్టంగా ఉన్నపుడు దాని పేరును గురించి తగవు పనికిరాదన్నది ఉలమాలలో ప్రసిద్ధమైన సూత్రం.

ఈ సూత్రమే రెండవ వాదానికి కూడా సమాధానం. ధాతువు ఒకటైనంత మాత్రాన ఆచరణ ఒకటి కాదు. నమస్కారం మనుషులకూ చేస్తారు. పహ్లవీలో నమాజ్ రాజులకూ చేసేవారు. ముస్లిము నమాజు అల్లాహ్‌కు తప్ప మరెవరికీ చెందదు. పదానికి పాత అర్థమేదైనా, నేడు దాని అర్థాన్ని నిర్ణయించేది దానిని పలికేవారి విశ్వాసమూ, ఆచరణా.

అనువాదం చదివేటపుడు

నమాజు అనడంలో దోషం లేదు గాని, సలాత్ కనిపించిన ప్రతిచోటా నమాజు అని అర్థం చెప్పుకుంటే చిక్కు వస్తుంది. ఖురాన్ 33:56లో అల్లాహ్, ఆయన దూతలు ప్రవక్తపై సలాత్ పంపుతారని ఉంది. అల్లాహ్ పక్షాన అది కారుణ్యం, దూతల పక్షాన అది ప్రార్థన అని వ్యాఖ్యాతలు వివరించారు. మనం దరూద్ అనేది కూడా ఈ సలాతే. 9:103లో దానధర్మాలు తెచ్చిన వారి కొరకు సలాత్ చేయమని ప్రవక్తకు ఆదేశముంది. అక్కడ దాని అర్థం దుఆ. నమాజు అనే మాటకు ఇంత విస్తృతి లేదు. అది ఒక్క ఆరాధనకే పరిమితం.

కాబట్టి మన పిల్లలకు రెండు మాటలూ నేర్పడం మేలు. నమాజు అన్న మాట వారిని పెద్దల వాడుకతో కలుపుతుంది. సలాత్ అన్న మాట ఖురాన్ మూలాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది. ఒకదాని కోసం మరొకదానిని పోగొట్టుకోవలసిన అవసరం లేదు.