ఫస్ట్ క్లాస్ క్రికెట్ అంటే ఏమిటి?



మొన్న ఆటల పీరియడ్‌లో ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒక ప్రశ్న వేశాడు. "సార్, ఐపీఎల్‌లో సెంచరీ కొట్టినా దాన్ని ఫస్ట్ క్లాస్ సెంచరీల లెక్కలో వెయ్యరట. అంతకంటే బాగా ఎట్లా ఆడాలి సార్?" మంచి ప్రశ్నే. చాలామందికి ఉన్న సందేహం కాబట్టి అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

పరీక్షలో నూటికి అరవై వస్తే ఫస్ట్ క్లాస్ అంటాం. అది రాసిన తరువాత వచ్చే మెప్పు. క్రికెట్‌లో అలా కాదు. అక్కడ ఫస్ట్ క్లాస్ అనేది మ్యాచ్‌కు ముందే ఉండే హోదా. తెలుగు పత్రికలు దీన్నే ప్రథమశ్రేణి అంటాయి, తమిళంలో ముదల్‌తరం అంటారు. బాగా ఆడినందుకు ఇచ్చే బిరుదు మాత్రం కాదు.

1947లో అంతర్జాతీయ క్రికెట్ సంఘం దీనికి నిర్వచనం ఇచ్చింది. జట్టుకు పదకొండుమంది ఉండాలి. మ్యాచ్ మూడు రోజులు గానీ, అంతకన్నా ఎక్కువ గానీ నిర్ణయించి ఉండాలి. ఆ దేశపు క్రికెట్ బోర్డు దానికి ఆ హోదా ఇచ్చి ఉండాలి. ఒక్కో జట్టుకు రెండేసి ఇన్నింగ్స్ ఆడే వీలుండాలి. మన దేశంలో రంజీ ట్రోఫీ, దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఈ కోవలోవి. టెస్టు మ్యాచ్ కూడా ఫస్ట్ క్లాసే. వన్డేలు, ఇరవై ఓవర్ల ఆటలు ఎంత గొప్పవైనా వాటి లెక్క వేరు.

"నిర్ణయించి ఉండాలి" అన్నమాట గమనించండి. రంజీ పోటీల మొట్టమొదటి మ్యాచ్ 1934 నవంబర్ 4న చెన్నై చేపాక్‌లో మద్రాసు, మైసూరు జట్ల మధ్య మొదలైంది. ఆ ఒక్కరోజులోనే ముగిసిపోయింది! అయినా అది ఫస్ట్ క్లాస్ మ్యాచే.

నాగపూర్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె.నాయుడు గారిని చూడండి. మనలాగే తెలుగునాటికి బయట పెరిగినవారు. 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన మొదటి టెస్టుకు ఆయనే కెప్టెన్. ఆడిన టెస్టులు ఏడే. టెస్టులే చూస్తే ఆయన గొప్పతనం తెలియదు. ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు మాత్రం రెండువందలు దాటాయి. 1916లో మొదలుపెట్టి, అరవై ఎనిమిదో ఏట కూడా బరిలో దిగారు. 1926లో బొంబాయిలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టుపై 153 పరుగులు చేశారు, అందులో సిక్సర్లే పదకొండు. ఆ లెక్కలన్నీ నేటికీ నిలిచి ఉన్నాయంటే ఆ మ్యాచ్‌లకున్న గుర్తింపే కారణం.

ఇంకో విశేషం. ఆయన పేరుతోనే జరిగే సి.కె.నాయుడు ట్రోఫీలో ఇరవైమూడేళ్ళలోపు కుర్రవాళ్ళు నాలుగు రోజుల మ్యాచ్‌లు ఆడతారు. అయినా అది ఫస్ట్ క్లాస్ కాదు. ఆ హోదా దానికి లేదు, అంతే. అక్కడ ఆడేవాళ్ళు తక్కువవాళ్ళని కాదు. వాళ్ళలోంచే రేపటి రంజీ ఆటగాళ్ళు వస్తారు.

తల్లిదండ్రులకు ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈమధ్య ఒక తండ్రి కరపత్రం పట్టుకొని నా దగ్గరికి వచ్చారు. పైన "జాతీయస్థాయి పోటీ" అని పెద్ద అక్షరాలు, కింద ప్రవేశ రుసుము. ఏ సంఘం గుర్తించిందో మాత్రం ఎక్కడా లేదు. పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, హోదా మాత్రం ఇచ్చేవాళ్ళు ఇవ్వాలి. గుర్తింపు లేని సర్టిఫికెట్ గోడకు అందమే గాని, కాలేజీ సీటుకో ఉద్యోగానికో స్పోర్ట్స్ కోటా అడిగినప్పుడు చెల్లదు.

కాబట్టి డబ్బు కట్టే ముందు మూడు విషయాలు అడగండి: ఈ పోటీ ఎవరు నడుపుతున్నారు? ఏ క్రీడాసంఘం గుర్తించింది? మా అబ్బాయి, అమ్మాయి ఏ జట్టు తరఫున, ఎలా ఎంపికయ్యారు? జవాబు తెలియకపోతే ఆ కాగితం మన పి.ఇ.టి. మాస్టారికి చూపించండి.

పిల్లలూ, సాయంత్రం మైదానంలో మీరు ఆడే ఆటకు ఏ హోదా అక్కర్లేదు. మనసుపెట్టి ఆడండి.

– ప్రధానోపాధ్యాయుడు, సేత్తూరు